ఉచితమైన ఆటకు పిల్లవాడు చెల్లించే ఖరీదు

"మా అబ్బాయి తొమ్మిదో తరగతి. మూడు నెలలుగా తలనొప్పి, కళ్లమంటలు అంటున్నాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో కళ్ల డాక్టరుకు చూపించాం. చూపు బాగానే ఉందన్నారు. రాత్రి ఒంటిగంటైనా నిద్రపోడు, తెల్లవారితే లేవడు. అన్నం సయించదు. ఏమన్నా అంటే కసురుకుంటాడు. పోయిన వారం బ్యాంకు పుస్తకం చూసుకుంటే, మా అత్తగారి కంటి శుక్లం ఆపరేషనుకని దాచిన డబ్బులో 14 వేలు లేవు. ఎనభై, నూట అరవై, నాలుగు వందలు, ఇలా చిల్లర చిల్లరగా పోయాయి. ఫోనులో ఆటకు పెట్టాడట. వాళ్ల నాన్నగారు బెల్టుతో కొట్టారు. రెండు రోజులుగా వాడు ఎవరితోనూ మాట్లాడటం లేదు. వాడి బుద్ధి నిలకడగా ఉండటానికి ఏదైనా టానిక్కు రాయగలరా?"

వనస్థలిపురం ఎన్జీవోస్ కాలనీ నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. ఇలాంటివి ఈమధ్య తరచుగా వస్తున్నాయి.

టానిక్కు అవసరం లేదమ్మా. మీ అబ్బాయికి కావలసింది నిద్ర. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర ఉండాలి. మీరు రాసిన లెక్క ప్రకారం మీ వాడికి అయిదారు గంటలు దక్కితే గొప్ప. నిద్ర చాలకపోతే తల బరువు, విసుగు, ఆకలి మందగించడం అన్నీ వరసగా వస్తాయి. కళ్లమంటకు కారణం కూడా చిన్నదే. దగ్గరున్న వెలుగును కళ్లార్పకుండా చూస్తూ కూర్చుంటే కంట్లో తడి ఆరిపోతుంది. చూపు బాగుందన్న డాక్టరుగారి మాట నిజమే అయివుంటుంది.

అయితే నిద్రెందుకు మానుకున్నాడు? 'పొగరు' అని వాళ్ల నాన్నగారు అనుకుని ఉంటారు. నేనలా అనుకోను.

నుమాయిష్‌లో జెయింట్‌వీల్ ఎక్కాలంటే ముందు టిక్కెట్టు కొంటాం. నాలుగు చుట్లు తిరిగి దిగిపోతాం. ఖర్చెంతో ఎక్కకముందే తెలుసు. ఈ ఫోను ఆటలకు ఎక్కడానికి టిక్కెట్టు లేదు, దిగే చోటూ లేదు. మొదటి వారమంతా గెలుపులే. రోజూ వచ్చి హాజరు వేయించుకుంటే బహుమతి. ఒక్కరోజు మానితే ఆ వరస మళ్లీ మొదటికి. పిల్లవాడు రాత్రి పన్నెండుకు లేచి ఫోను పట్టుకునేది ఇందుకే. తరవాత ఆట కష్టమవుతుంది. అప్పుడు కొట్టు తెరుస్తారు. "సగం ధరకే, ఇంకా రెండు గంటలే" అంటూ పక్కన గడియారం తిరుగుతుంటుంది.

ఆ కొట్లో రూపాయలు రూపాయల్లా కనిపించవు. ముందు వజ్రాలో నాణాలో కొనుక్కోవాలి. కావలసిన చొక్కా 300 వజ్రాలనుకోండి. అమ్మే పొట్లాలు 250వి, 500వి ఉంటాయి. పెద్దది కొంటే 200 మిగులుతాయి. మిగిలినవి పారేయలేక మళ్లీ కొంటాడు. ఊరికే వచ్చిన చొక్కాతో ఆడేవాణ్ణి తోటి పిల్లలు ఎగతాళి చేస్తారు. ఆ ఎగతాళి మనకు వినపడదు, వాడి చెవిలో ఇయర్‌ఫోను ఉంటుంది కదా!

అన్నిటికన్నా గట్టి ఎర, లోపల ఏముందో చెప్పకుండా అమ్మే పెట్టె. అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు బి.ఎఫ్. స్కిన్నర్ పావురాల మీద ప్రయోగాలు చేశాడు. మీట పొడిచిన ప్రతిసారీ గింజ పడితే పావురం ఆకలి తీరాక మానేసేది. ఎప్పుడు పడుతుందో తెలియకుండా, ఒకసారి మూడో పోటుకు, ఒకసారి ఇరవయ్యో పోటుకు పడేట్టు చేస్తే, గింజలు పూర్తిగా ఆపేసిన తరవాత కూడా చాలాసేపు పొడుస్తూనే ఉండేది. జూదపు యంత్రాలు నడిచేదీ ఈ సూత్రం మీదే. బెల్జియం ప్రభుత్వపు జూద నియంత్రణ సంఘం 2018లో ఇలాంటి పెట్టెలు కొన్ని జూదం కిందికే వస్తాయని తేల్చింది.

ఆడేవాళ్లలో ఎక్కువమంది పైసా ఇవ్వరు. ఇచ్చే కొద్దిమంది మీదే ఆదాయమంతా. వాళ్లలో బాగా ఖర్చు పెట్టేవాళ్లను ఆ వ్యాపారంలో 'తిమింగలాలు' అంటారు. మనకు దూరం కాదు, 2022 జూన్‌లో అంబర్‌పేటలో పదహారేళ్ల అబ్బాయి తాతగారి ఫోనులో ఫ్రీ ఫైర్ ఆడుతూ తల్లి ఖాతాల్లోంచి 36 లక్షలు పోగొట్టినట్లు పత్రికల్లో వచ్చింది. తల్లి బ్యాంకుకు వెళ్లి ఖాతా ఖాళీ అయిందని తెలుసుకుని సైబర్ క్రైం పోలీసులను ఆశ్రయించింది. అదీ మీ వాడిలాగే చిన్న మొత్తాలతోనే మొదలైంది.

డబ్బు పోవడం కంటికి కనపడుతుంది. కనపడకుండా పోయేది మరొకటుంది. మీ వాడు ఎన్నింటికి మొదలుపెడతాడు, ఎన్ని ఓటముల తరవాత విసిగి మానేస్తాడు, ఏ ధరకు లొంగుతాడు అన్నదంతా ఆటవాళ్లు లెక్క రాసుకోగలరు. ఆ ఫోను మీది కాబట్టి, అడిగినవాటికల్లా వాడు 'సరే' నొక్కితే మీ ఫోను నెంబర్లు, మీరుండే చోటు కూడా వెళ్లవచ్చు. ఫోర్ట్‌నైట్ అనే ఆటను తయారుచేసే ఎపిక్ గేమ్స్ సంస్థ 2022 డిసెంబరులో అమెరికా ప్రభుత్వంతో 52 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అందులో 27.5 కోట్లు, పదమూడేళ్ల లోపు పిల్లల వివరాలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా సేకరించారన్న ఆరోపణకు. మిగతాది, ఒక్క మీట పొరపాటున నొక్కినా కొనుగోలు జరిగిపోయేట్టు ఆట తయారుచేసి రాబట్టారన్న డబ్బు వాపసుకు.

మన దగ్గర చట్టం లేదా అంటారేమో. పందెం కాసే ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో దేశమంతటికీ చట్టం వచ్చింది. కానీ అది డబ్బు గెలుస్తామన్న ఆశతో ఆడే ఆటలకు. మీ వాడు కొన్నది బొమ్మ చొక్కా. దాన్ని ఎవరూ జూదమనరు. పిల్లల వివరాల సంగతి 2023 చట్టంలో ఉంది. 18 ఏళ్ల లోపువారి వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలి, వాళ్ల వెంటపడి ప్రకటనలు చూపకూడదు అని. నిబంధనలు 2025 నవంబరులో వచ్చినా, ఈ బాధ్యతలకు మరో 18 నెలల గడువిచ్చారు. అందాకా కాపలా మనదే.

ఇది జబ్బా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 'గేమింగ్ డిజార్డర్' అనే పేరును జబ్బుల పట్టికలో చేర్చింది. 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. ఆట మీద అదుపు పోవడం, చదువూ తిండీ కంటే ఆటే ముఖ్యం కావడం, నష్టం తెలిసినా మానలేకపోవడం, సాధారణంగా ఏడాదిపాటు ఇవి ఉంటేనే ఆ పేరు పెడతారు. మీ వాడిది మూడు నెలల సంగతి. దయచేసి వాడికి వినపడేట్టు 'పిచ్చి' అన్న మాట వాడకండి.

ఇప్పుడు చేయవలసింది. మొట్టమొదట వాడి మౌనం సంగతి. కొట్టడం ఆపాలి, ఈ ఉత్తరం వాళ్ల నాన్నగారికి చదివి వినిపించండి. రాత్రి వాడి పక్కన మీలో ఒకరు పడుకోండి. 'నేను ఉండను', 'చచ్చిపోతాను' వంటి మాట వినపడినా, మౌనం ఇంకా కొనసాగినా ఆలస్యం చేయకుండా 14416కు ఫోను చేయండి. అది ప్రభుత్వం నడిపే ఉచిత సలహా కేంద్రం, తెలుగులో మాట్లాడవచ్చు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి తీసుకువెళ్లడంలోనూ సిగ్గుపడేదేమీ లేదు.

ఫోను ఒక్కసారిగా లాక్కోకండి. ఇంట్లోవాళ్లందరి ఫోన్లూ రాత్రి తొమ్మిదిన్నరకు హాల్లో ఛార్జింగు పెట్టండి, నాన్నగారిది కూడా. ఆయన మంచంలో పడుకుని ఫోను చూస్తుంటే వాడికి చెప్పేదేముంది! పడుకునే వేళా, లేచే వేళా రోజుకు పావుగంట చొప్పున ముందుకు జరపండి. మొదటి వారం చిరాకు ఎక్కువగానే ఉంటుంది. సాయంత్రం గంటసేపు బయట ఆడాలి. ఆదివారం హరిణ వనస్థలి దాకా నడిపించండి, జింకలను చూసి చాలా ఏళ్లయి ఉంటుంది మీకూ.

యూపీఐ పిన్ను మార్చండి. ఫోనుకు జతచేసే ఖాతాలో నెల ఖర్చుకు మించి ఉంచకండి. ప్లే స్టోరులో ప్రతి కొనుగోలుకూ రహస్య సంకేతం అడిగే ఏర్పాటు ఉంది, అది పెట్టుకోండి. ఆటకిచ్చిన అనుమతులు తీసేయండి. కొనుగోలు జరిగి 48 గంటలు కాకపోతే వాపసు అడగవచ్చు. పాతవాటికి ఆట తయారీదారుకే రాసి చూడాలి, ఆశ తక్కువ. ఆటలో పరిచయమైన అపరిచితుడెవరైనా డబ్బు లాగాడని తేలితే మాత్రం వెంటనే 1930కి చెప్పండి.

అత్తగారి ఆపరేషను సంగతి. శుక్లం మామూలుదైతే కొన్ని వారాలు ఆగినా సాధారణంగా ముప్పుండదు, అయినా డాక్టరుగారిని ఒక మాట అడగండి. ఆ డబ్బు ఎందుకు దాచారో అబ్బాయికి నెమ్మదిగా చెప్పండి, వాడికి తెలిసి ఉండదు. ఆపరేషను తరవాత కంట్లో చుక్కలు రోజుకు చాలాసార్లు, వేళ తప్పకుండా వేయాలి. ఆ పని వాడికి అప్పగించండి.