అందరూ కలిసి గీసే పటం

మీ బడి గోడకు వేలాడుతున్న రాష్ట్ర పటాన్ని ఒకసారి పరీక్షగా చూడండి. అది 2016 అక్టోబరు 11 కంటే ముందు అచ్చయినదైతే అందులో కామారెడ్డి జిల్లా కనబడదు. నిజామాబాదు జిల్లాలో ఒక పట్టణంగా కామారెడ్డి, మరొక చిన్న పట్టణంగా ఎల్లారెడ్డి మాత్రమే కనబడతాయి. ఆ రోజున తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019లో మరో రెండు చేరి 33 అయ్యాయి. కామారెడ్డి జిల్లా కేంద్రమైంది. ఎల్లారెడ్డి ఆ జిల్లాలో ఒక రెవెన్యూ డివిజను అయ్యింది. అచ్చయిన పటం మాత్రం గోడమీద అలాగే ఉండిపోయింది. పాపం, దానికి ఈ సంగతి ఎవరు చెబుతారు?

సెల్‌ఫోనులో కనబడే పటానికైతే చెప్పవచ్చు. అలాంటి పటాలలో ఒకదాన్ని మనలాంటి మామూలు మనుషులే తయారు చేస్తున్నారు. దాని పేరు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. దాన్ని ఎవరైనా చూడవచ్చు, వాడుకోవచ్చు, తప్పుంటే దిద్దవచ్చు. అది ఎలా పనిచేస్తుందో తెలుసుకుందాం.

ఎలా పుట్టింది?

మన దేశంలో పటాల తయారీకి సర్వే ఆఫ్ ఇండియా 1767లోనే ఏర్పడింది. బ్రిటన్‌లోనూ ఇలాంటి ప్రభుత్వ సంస్థ ఉంది. కానీ 2004 నాటికి అక్కడి పటాల సమాచారం వాడుకోవాలంటే డబ్బు కట్టాలి, షరతులకు ఒప్పుకోవాలి. లండన్‌లో చదువుకుంటున్న స్టీవ్ కోస్ట్ అనే యువకుడు ఆ సంవత్సరం ఒక ఆలోచన చేశాడు. అందరూ కలిసి వికీపీడియా అనే విజ్ఞానసర్వస్వాన్ని రాయగలిగినప్పుడు, పటాన్ని మాత్రం ఎందుకు గీయలేరు? ఎవరి వీధి వారికి తెలుసు గదా! అలా మొదలైన పనికి 2006లో ఒక సంస్థ కూడా ఏర్పడింది. పటాన్ని భద్రపరిచే కంప్యూటర్లను చూసుకోవడం, విరాళాలు సేకరించడం దాని పని. పటంలో ఏమి గీయాలన్నది మాత్రం గీసేవారే తేల్చుకుంటారు. ఈనాడు కోటిమందికి పైగా ఇందులో పేర్లు నమోదు చేసుకున్నారు. నిజంగా గీసేవారు అందులో కొద్దిమందే. వారిలో ఎక్కువమంది జీతం లేకుండా, తీరిక వేళల్లో ఆ పని చేస్తారు. కొన్ని కంపెనీలు తమ ఉద్యోగులచేత కూడా గీయిస్తాయి.

బిందువులు, గీతలు, చీటీలు

కంప్యూటరుకు బొమ్మ తెలియదు, అంకెలే తెలుసు. కాబట్టి భూమి మీది ప్రతి చోటునూ అంకెలతో చెప్పాలి. అక్షాంశం, రేఖాంశం అని మీరు చదువుకున్నవి ఇక్కడ అక్కరకు వస్తాయి. కామారెడ్డి ఇంచుమించు 18.32 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.34 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. ఎల్లారెడ్డి 18.19, 78.02 డిగ్రీల దగ్గర ఉంది. ఈ నాలుగు అంకెలతో రెండు ఊళ్ల మధ్య దూరం కట్టవచ్చు.

ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కిలోమీటర్లు. ఒక డిగ్రీ రేఖాంశం మాత్రం భూమధ్యరేఖ నుండి ధ్రువాల వైపు పోయేకొద్దీ తగ్గుతుంది. మన ప్రాంతంలో అది సుమారు 105.5 కిలోమీటర్లు. ఉత్తర దక్షిణాల తేడా 0.13 డిగ్రీలు, అంటే 14.4 కిలోమీటర్లు. తూర్పు పడమరల తేడా 0.32 డిగ్రీలు, అంటే 33.8 కిలోమీటర్లు. ఇవి లంబకోణ త్రిభుజంలో రెండు భుజాలు. పైథాగరస్ సూత్రం ప్రకారం కర్ణం సుమారు 37 కిలోమీటర్లు. ఇది కాకి ఎగిరిపోయే దూరం. బస్సు వంపులు తిరుగుతూ పోతుంది కనుక దానికి ఇంకా ఎక్కువే అవుతుంది.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మూడే మూడు రకాల వస్తువులు ఉంటాయి. మొదటిది బిందువు. చేతిపంపు, బస్టాపు ఇలాంటివి. రెండవది గీత, అంటే వరుసగా కలిపిన బిందువులు. రోడ్డు, వాగు గీతలే. గీత మొదలైన చోటికే తిరిగి వచ్చి కలిస్తే అది చెరువో, పొలమో, భవనమో అవుతుంది. మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ జలాశయం కూడా ఇలా చుట్టి వచ్చే గీతలతోనే ఏర్పడుతుంది. మూడవది సంబంధం. అనేక గీతలను ఒక కట్టగా కట్టి దానికొక పేరు పెట్టడమన్నమాట. జిల్లా సరిహద్దు ఇలాంటిదే. కొత్త జిల్లా ఏర్పడితే భూమి మారదు, గీతల కట్టలు మారతాయి.

ప్రతి వస్తువుకూ చీటీలు అంటిస్తారు. ‘ఇది రోడ్డు’, ‘ఇది మట్టిబాట’, ‘దీని మీద వంతెన ఉంది’, ‘దీని పేరు ఇది’ అని. తెలుగు పేరుకు వేరే చీటీ ఉంది. ఎవరైనా ‘ఎల్లారెడ్డి’ అని తెలుగులో రాసి అంటిస్తేనే తెలుగులో వెతికేవారికి ఆ ఊరు దొరుకుతుంది.

సమాచారం ఎక్కడినుండి వస్తుంది?

మూడు దారులున్నాయి. ఒకటి, పటం కోసం వాడుకోవడానికి అనుమతించిన ఉపగ్రహ చిత్రాలు. వాటిని చూసి రోడ్లు, చెరువులు గీస్తారు. రెండు, సెల్‌ఫోనులోని జి.పి.ఎస్. పరికరం. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల సంకేతాలను అది అందుకుంటుంది. సంకేతం రావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం కడుతుంది. కనీసం నాలుగు ఉపగ్రహాలు దొరికితే తానున్న చోటు తెలుసుకుంటుంది. సంకేతం కాంతి వేగంతో, అంటే సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో వస్తుంది. కనుక సెకనులో పదిలక్షలో వంతు పొరపాటు జరిగినా 300 మీటర్ల తేడా వస్తుంది!

మూడవది అన్నిటికంటె విలువైనది, ఊరివారి ఎరుక. ఉపగ్రహ చిత్రంలో ఇళ్ల గుంపు కనబడుతుంది గాని, దాని పేరు కనబడదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో తండాలు చాలా ఉన్నాయి. తెలంగాణలో 2018 చట్టంతో అనేక తండాలు గ్రామ పంచాయతీలయ్యాయి. ఆ తండా పేరేమిటో, వాగు ఎక్కడ దాటాలో, ఏ చెరువు మత్తడి దూకితే ఏ బాట మునుగుతుందో అక్కడివారికే తెలుసు.

ప్రోగ్రాములు రాసేవారు

పటం గీసేవారు కొందరైతే, వారికి పలక, బలపం తయారుచేసి ఇచ్చేవారు మరికొందరు. వీరు ప్రోగ్రాములు రాసే స్వచ్ఛంద కార్యకర్తలు. వీరు రాసిన ప్రోగ్రాము కూడా అందరికీ కనబడేలా ఉంటుంది. ఒకరు మార్పు సూచిస్తే మరికొందరు చదివి, పరీక్షించి, బాగుంటేనే చేర్చుకుంటారు. వారు తీర్చిన చిక్కులు రెండు చూద్దాం.

మొదటిది బొమ్మ గీయడం. ప్రపంచమంతటినీ ఒకే బొమ్మగా పంపితే ఏ ఫోనూ మోయలేదు. అందుకని చదరపు పలకలుగా కోస్తారు. మొదటి మెట్టులో ప్రపంచమంతా ఒకే పలక. దగ్గరికి జరిగే ప్రతి మెట్టులో ఒక్కొక్క పలక నాలుగవుతుంది. 1, 4, 16, 64... పదిసార్లు జరిగితే 10,48,576 పలకలు. పద్దెనిమిదిసార్లు జరిగితే 6,871 కోట్లకు పైనే! ఇన్నిటినీ ముందే గీసి దాచడం దండుగ. సముద్రం నడుమ పలకలను ఎవరు చూస్తారు? కాబట్టి ఎవరైనా అడిగినప్పుడే గీస్తారు. ఏదైనా మారితే దాన్ని తాకే పలకలనే తిరిగి గీస్తారు. అందుకే మీరు చేసిన దిద్దుబాటు చాలాసార్లు కొద్ది నిమిషాల్లోనే కనబడుతుంది.

రెండవది తప్పు పట్టుకోవడం. పటంలో ఒక రోడ్డు గీత వాగు గీతను దాటుతున్నదనుకోండి. అక్కడ ‘వంతెన’ అన్న చీటీ లేదు, ‘నీళ్లలోంచి దాటే బాట’ అన్న చీటీ కూడా లేదు. రోడ్డు వాగును ఎలా దాటింది? ప్రోగ్రాము వెంటనే గీసేవారిని హెచ్చరిస్తుంది. అలాగే రెండు రోడ్లు కంటికి కలిసినట్లే కనబడి, వాటికి ఉమ్మడి బిందువు లేకపోతే, దారి వెతికే కంప్యూటరు ఒకదానినుండి మరొకదానికి మళ్లలేదు. వెంట్రుకవాసి ఎడం ఉన్నా దానికి అది గోడే.

ఇదంతా ఎందుకు?

2025 ఆగస్టు 27, 28 తేదీల్లో కామారెడ్డి జిల్లాలో కుండపోతగా వాన కురిసింది. రోడ్లు, వంతెనలు దెబ్బతిన్నాయి. రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. అలాంటి రాత్రి ఒక తండాలో ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందనుకోండి. ఎల్లారెడ్డికి రెండు దారులున్నాయి. ఒకటి 6 కిలోమీటర్లు, వాగులోంచి పోతుంది. రెండవది 11 కిలోమీటర్లు, ఎత్తయిన వంతెన మీదుగా పోతుంది. పటంలో వాగు దగ్గర చీటీ లేకపోతే కంప్యూటరు 6 కిలోమీటర్ల దారినే చూపుతుంది. దానికి తెలిసింది అంతే. చీటీ ఉంటే, దాన్ని చదవగల ప్రోగ్రాములు ఆ బాటను తప్పించగలవు. డ్రైవరు బయటి ఊరివాడైతే, ఆ ఒక్క చీటీ మీద ఒక ప్రాణం ఆధారపడవచ్చు.

ఇది ఉత్త ఊహ కాదు. 2010 జనవరి 12న హైతీ దేశంలో భూకంపం వచ్చినప్పుడు దాని రాజధానికి వివరమైన పటం లేదు. ప్రపంచం నలుమూలల నుండి వందలమంది ఉపగ్రహ చిత్రాలు చూసి కొద్ది వారాల్లోనే వీధులన్నీ గీశారు. సహాయ బృందాలు ఆ పటాన్నే వాడుకున్నాయి. 2015 ఏప్రిల్‌లో నేపాల్ భూకంపం అప్పుడు వేలమంది ఇలాగే పనిచేశారు. అయితే ఆపద వచ్చాక గీయడం కంటె ముందే గీసి ఉంచడం మేలు గదా!

తప్పులు రాయరా?

రాస్తారు. తెలియక రాసేవారుంటారు, అల్లరికి రాసేవారూ అరుదుగా ఉంటారు. అందుకే ప్రతి మార్పునూ ఎవరు, ఎప్పుడు చేశారో కంప్యూటరు గుర్తుంచుకుంటుంది. పాత రూపం చెరిగిపోదు. తప్పని తేలితే వెనక్కి తీసుకురావచ్చు. అయినా ఎవరూ చూడని మారుమూల చోట తప్పు చాలాకాలం నిలిచిపోవచ్చు. చూసే కళ్లు ఎక్కువైతే తప్పులు తగ్గుతాయి. పొలం గట్ల తగాదాకు మాత్రం ఈ పటం సాక్ష్యం కాదు. అది ప్రభుత్వ సర్వే చేసే పని.

గీసేవారు పాటించవలసిన నియమాలు ముఖ్యంగా మూడు. ఇతర కంపెనీల పటాలనుండి కాపీ కొట్టరాదు, అది వారి సొత్తు. ఇళ్లలో ఉండే మనుషుల పేర్లు, ఫోను నంబర్లు రాయరాదు. కంటితో చూడనిది, వాకబు చేయనిది రాయరాదు.

మీరూ చేసి చూడండి

నలుగురైదుగురు ఒక జట్టుగా ఏర్పడండి. బడి చుట్టూ ఒక కిలోమీటరు మేర తిరిగి తెల్లకాగితం మీద పటం గీయండి. బాటలు, చేతిపంపులు, ఆసుపత్రి, బస్టాపు, వాగు, కల్వర్టు గుర్తించండి. వానాకాలంలో ఏ బాట మునుగుతుందో పెద్దలనడిగి ఎర్ర సిరాతో గీత గీయండి. వాన పడుతున్నప్పుడు మాత్రం వాగు దగ్గరకు పోవద్దు. తండా పేరును ఎలా పలుకుతారో, ఎలా రాస్తారో ఆ తండావారినే అడగండి. తర్వాత మీ సైన్సు మాస్టారి సాయంతో మీ కాగితాన్ని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌తో పోల్చండి. కాగితం మీద ఉండి అందులో లేనివి ఎన్నో లెక్కపెట్టండి. ఆ లెక్కలో ఉన్నవన్నీ మీ జట్టు పటంలో చేర్చవలసినవే.