48 గంటల లెక్క

బోధన్ నుంచి ఒక పాఠకురాలు రాశారు: “ఆశా కార్యకర్త ఇచ్చిన నిశ్చయ్ గర్భ పరీక్ష కిట్‌లో రెండు గీతలు వచ్చాయి. నిజామాబాద్ వెళ్ళి స్కానింగ్ చేయిస్తే గర్భసంచిలో ఏమీ లేదన్నారు, ట్యూబులోనూ ఏమీ కనబడలేదన్నారు. రక్తపరీక్ష చేసి, రెండు రోజులాగి మళ్ళీ అదే పరీక్షకు రమ్మన్నారు. చేసిన పరీక్షే మళ్ళీ ఎందుకు? బిల్లు పెంచడానికా?”

కాదమ్మా. ఆ రెండోదే అసలు పరీక్ష. మొదటిది దానికి ఆధారం.

ముందు నాలుగు ముక్కల్లో విషయం. నెల తప్పిన కొత్తలో గర్భం స్కానింగ్‌కు అందనంత చిన్నది. గర్భసంచిలోనే ఉండి ఇంకా కనబడకపోయి ఉండొచ్చు, నిలవలేక కరిగిపోతూ ఉండొచ్చు, ట్యూబులో చిక్కుకుని ఉండొచ్చు. చివరిది తక్కువ మందిలోనే. కానీ ట్యూబు పగిలితే కడుపులో రక్తస్రావమై ప్రాణం మీదికొస్తుంది. గర్భం ఎక్కడుందో తేలని ఈ దశలో డాక్టరుకు దారి చూపేది రక్తంలోని హెచ్‌సీజీ హార్మోను.

ఈ హార్మోను గురించి చెప్పకుండా ఉండలేను, అందులోనూ బోధన్ వాళ్ళకు. అక్కడి శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డా, చక్కెర మాటెత్తితే చెవులు రిక్కించే ఊరది. హెచ్‌సీజీ బరువులో మూడో వంతుకు కాస్త తక్కువగా చక్కెరలే! చెరకు చక్కెర కాదులెండి, వేరే రకాలు. రెండు ప్రొటీను గొలుసులకు ఎనిమిది చక్కెర కొమ్మలు అతుక్కుని ఉంటాయి. వాటి కొసల్లో సియాలిక్ ఆమ్లం. ఆ కొసలు ఊడిపోతే కాలేయం ఈ అణువును ఇట్టే పట్టి మింగేస్తుంది, ఉన్నంతకాలం వదిలేస్తుంది. అండం విడుదలను నడిపించే ఎల్‌హెచ్ దీనికి తోబుట్టువే. కానీ హెచ్‌సీజీకి ఉన్న 24 అమైనో ఆమ్లాల తోక, దాని మీది నాలుగు చక్కెర కొమ్మలు ఎల్‌హెచ్‌కు లేవు. అందుకే అది తొందరగా మాయమవుతుంది. హెచ్‌సీజీ సగానికి తగ్గాలంటే మాత్రం ఒక రోజు పైనే పడుతుంది.

48 గంటల గుట్టు ఇక్కడే ఉంది. పొద్దున తీసిన రక్తంలో నిన్నటి హార్మోనూ కలిసే ఉంటుంది. సాయంత్రం మళ్ళీ కొలిస్తే, వచ్చే తేడా గర్భానిదో ల్యాబ్‌దో తెలియదు. రెండు రోజులాగితే, కరిగిపోతున్న గర్భంలో అంకె బాగా దిగుతుంది. నిలిచే గర్భంలో హార్మోను తయారుచేసే కణాలు పెరిగి, తరచు అంకెను దాదాపు రెట్టింపు చేస్తాయి. ట్యూబులో పడ్డ గర్భం గట్టు మీది రాళ్ళలో పడ్డ చెరకు ముక్కలాంటిది. మొలకైతే వస్తుంది, నీళ్ళు పారే చాలులో నాటిన ముక్కలా ఎదగలేదు. చాలాసార్లు అంకె కుంటుతూ పెరుగుతుంది, లేదంటే అక్కడక్కడే తచ్చాడుతుంది.

ఈ హార్మోను విషయంలో తప్పులో కాలేసిన పెద్దలు తక్కువేం కాదు. 1927లో బెర్లిన్‌లో ఆష్‌హైమ్, జోండెక్ గర్భిణుల మూత్రాన్ని చిట్టెలుకలకు ఎక్కించి గర్భ పరీక్ష కనిపెట్టారు. పరీక్ష భేషుగ్గా పనిచేసింది. హార్మోను మాత్రం పిట్యూటరీ గ్రంథిలో పుడుతుందనుకున్నారు! మాయలో పుడుతుందని చూపించింది అమెరికాలో జార్జియానా సీగర్ జోన్స్. 1981లో కాదర్ బృందం, రెండు రోజుల్లో 66 శాతం పెరగకపోతే అనుమానించమంది. ఆ గీత గీసింది 20 మంది స్త్రీల లెక్కతో. పైగా ఆ లెక్క ప్రకారమే ఆరోగ్యమైన గర్భాల్లో 15 శాతం గీత కిందికి పోతాయి. 2004లో బార్న్‌హార్ట్ బృందం దాన్ని 53కు దించింది. ఇప్పుడు మొదటి అంకె 1500 లోపుంటే 49 శాతం, 3000 దాటితే 33 శాతం పెరిగినా చాలంటున్నారు. ఇన్ని గీతలు గీసినా, ట్యూబు గర్భాల్లో అయిదింట ఒకటి మామూలు గర్భంలాగే పెరిగి ఏమారుస్తుంది.

అందుకే ఒక్క అంకె చూసి మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్ ఇవ్వడమంటే నాకు ఒళ్ళు మండుతుంది. ట్యూబు గర్భమని తేలిన చాలామందికి అది ఆపరేషన్ తప్పించే మందే, కాదనను. మన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన పరిశోధన నుంచి వచ్చిందది. గర్భిణులు మింగే ఫోలిక్ ఆమ్లాన్ని అక్కడ తయారుచేసిందీ ఆయన బృందమే. ఫోలిక్ ఆమ్లం కణాల విభజనకు ఊతమిస్తే, మెథోట్రెక్సేట్ అడ్డుపడుతుంది. తొందరపడితే గర్భసంచిలో నిక్షేపంగా ఉన్న గర్భమే పోతుంది.

ఇక మీరు చేయాల్సింది. రెండు పరీక్షలూ ఒకే ల్యాబ్‌లో చేయించండి. ఒకటి బోధన్‌లో, ఇంకొకటి నిజామాబాద్‌లో అయితే కిట్లు వేరై అంకెలు పోల్చడానికి పనికిరాకపోవచ్చు. మళ్ళీ స్కానింగ్ ఎప్పుడో అడిగి రాసుకోండి. ఈలోగా పొత్తికడుపులో పోటు వచ్చినా, కళ్ళు తిరిగినా, భుజం కొసన నొప్పి పుట్టినా రిపోర్టు కోసం ఆగొద్దు. కడుపులోకి కారిన రక్తం పైన డయాఫ్రమ్‌కు తగిలితే నొప్పి భుజంలో తెలుస్తుంది. వెంటనే 108కి ఫోన్ చేసి, ఆపరేషన్ చేయగల ఆసుపత్రికి వెళ్ళండి.