రాగి చేనికి వచ్చే ఏనుగు ఏది?

రాగి కంకులు పాలుపోసుకొనే వేళకు హోసూరు, డెంకణికోట ప్రాంతాల రైతులకు నిద్ర కరువవుతుంది. మంచెపై కాపలా, చేతిలో టపాకాయలు. తెల్లవారేసరికి చేను నేలమట్టమైతే "ఏనుగులు వచ్చాయి" అంటాము. ఏ ఏనుగులు? పరిశోధకులు ముందుగా అడిగినది ఈ ప్రశ్ననే.

1980వ దశకంలో ఆచార్య రామన్ సుకుమార్ బిళిగిరిరంగన కొండలు, సత్యమంగలం అడవుల పరిసరాలలో ఏనుగులను గమనించారు. వయసు వచ్చిన మగ ఏనుగు ఏడాదికి సగటున 49 రాత్రులు పొలాలలో అడుగుపెట్టగా, పిల్లలతో తిరిగే ఆడ మందలోని ఏనుగు 8 రాత్రులే వచ్చింది. అడవి గడ్డిలో కంటే రాగిలో మాంసకృత్తులు, సున్నము, ఉప్పు అధికం. (సంగటి బలం మనకొక్కరికే తెలుసుననుకోవడం పొరపాటు.) దేహపుష్టి గల మగ ఏనుగుకు ఆడ ఏనుగుతో జతకట్టే పోటీలో గెలుపు సులభం. కనుక అది ప్రాణభయానికి తెగిస్తుంది, బిడ్డతల్లి తెగించదు.

2019లో దక్షిణ భారతం నుండి వెలువడిన మరొక పరిశోధన 248 మగ ఏనుగులను చెవులు, దంతాలు, తోకల ఆనవాళ్లతో ఫొటోలలో విడివిడిగా గుర్తించింది. తల్లి మందను వీడిన మగ ఏనుగు చాలావరకు ఒంటరిగా తిరుగుతుందని పూర్వపు అభిప్రాయం. అడవి వెలుపల, పంటల మధ్య మాత్రం పడుచు మగ ఏనుగులు జట్లు కట్టి, ఆ జట్లలోనే నిలకడగా ఉంటున్నాయని తేలింది.

దీనివల్ల రైతుకేమి లాభమని అడగవచ్చు. కనబడిన మందనల్లా తరిమితే పంటకు చేటు తెచ్చే ఏనుగు మిగిలిపోవచ్చు, ఏ పాపమూ ఎరుగని తల్లీబిడ్డలు చెదరిపోవచ్చు. పట్టి దూరాన వదలడమూ తేలిక ఉపాయం కాదు. శ్రీలంకలో అలా తరలించిన మగ ఏనుగుల మెడకు ఉపగ్రహ పట్టీలు కట్టి పరిశీలించగా, కొన్ని తిరిగి పాతచోటికే బయలుదేరాయి, కొన్ని ఊళ్లవెంట తిరిగాయి. మొత్తంమీద తగవు తగ్గకపోగా కొత్త ఊళ్లకు పాకిందని 2012లో ప్రకటించారు. మనుషుల ప్రాణాలు తీసిన ఏనుగును పట్టవలసి రావచ్చు, కాదనను. అయితే అది ఫలానాదే అని ముందుగా రూఢి కావాలి.

మన సరిహద్దులో ఈ పని మరింత కష్టం. 1980వ దశకంలో హోసూరు వైపు అడవుల నుండి ఏనుగులు చిత్తూరు జిల్లాకు చేరగా, 1990లో అక్కడ కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఏనుగుకు రాష్ట్రపు ఎల్లలు లేవు. డెంకణికోటలో ఫొటోతో గుర్తించిన ఒంటిదంతపు ఏనుగు కుప్పంలో కనబడినప్పుడు, అక్కడి సిబ్బంది చేతిలోనూ ఆ ఫొటో, దాని నడవడి వివరాలు ఉండాలి. మూడు రాష్ట్రాల అటవీ శాఖలకు ఒకే పట్టిక కావాలి.