కప్పు చూచి ఫలకము పెట్టుడు

2024వ సంవత్సరములో కేంద్ర ప్రభుత్వమువారు ప్రధానమంత్రి సూర్యఘర్ పథకమును ప్రారంభించి, ఇంటి కప్పుపై మూడు కిలోవాట్ల సోలారు ఫలకములకు 78,000 రూపాయల సహాయము నిర్ణయించిరి. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల రైతులకు ఎండ కొదువ లేదు. అయితే ఫలకము సుమారు 25 ఏండ్లు నిలుచును. దానిని మోయు కప్పు అంతకాలము నిలుచునా?

అమెరికాలో పెక్కు ఇండ్లకు తారు పెంకులు కప్పుదురు. అచ్చటి పనివారు పెంకు క్రింది వాసమును వెదకి మర బిగించి, ఎగువ పెంకు క్రిందికి రేకును చొప్పించి, రంధ్రములోనికి నీరు దిగకుండ చేయుదురు. మనకును ఇదియే సూత్రము. బరువు వాసముపై పడవలెను. నీరు వెలుపలికి పోవలెను.

పెంకుటింట పెంకును తొలువరాదు. దానిని ఎత్తి, కొక్కెమును వాసమునకు బిగించి, మరల కప్పవలెను. కాంక్రీటు మిద్దెపై దిమ్మెలు కట్టి చట్రము నిలుపవచ్చును. మట్టిమిద్దె సంగతి వేరు. చవుడుమన్ను వానకు నాని బరువెక్కును, దూలములు పాతవైయుండును. దానిపై ఫలకములు వలదు. నేలపై స్తంభములు నాటుట మేలు.

ఫలకము క్రింద దూరిన గాలి దానిని రెక్కవలె లేపును గావున కట్టు గట్టిగా నుండవలెను. ముఖము దక్షిణమునకు, వాలు సుమారు 14 డిగ్రీలు ఉంచుడు. మన అక్షాంశము అంతియే.

మగ్గమున్న యింట చుక్క కారినను పట్టు చెడును. కావున సొమ్ము చెల్లింపకముందే, వాన కురిసిన మరునాడు కప్పు క్రింద నిలిచి చూడుడు. చెమ్మ కనబడిన ముందు కప్పు బాగుచేసికొనుడు. సూర్యుడు ఎక్కడికిని పోడు.