బ్రేక్ ప్యాడ్లు మారుస్తున్నారా? షాపులో కారు పేరు చెప్తే సరిపోదు.. ఇవి చూసుకున్నాకే డబ్బులివ్వండి

బోరబండ నుంచి పర్వత్‌నగర్ మీదుగా హైటెక్ సిటీకి పొద్దున తొమ్మిదింటికి కారులో బయల్దేరితే, కాలు యాక్సిలరేటర్ మీద కంటే బ్రేక్ మీదే ఎక్కువసేపు ఉంటుంది. ఎత్తుపల్లాల గల్లీలు, స్పీడ్ బ్రేకర్లు, ఆపైన ఐటీ కారిడార్ సిగ్నళ్లు. హైవే మీద తిరిగే బండితో పోలిస్తే, ఇలా ఆగుతూ కదిలే బండికి బ్రేక్ ప్యాడ్లు చాలా ముందే అరిగిపోతాయి. రోజూ రెండు షిఫ్టుల్లో ఐటీ ఉద్యోగులను తిప్పే క్యాబ్‌ల సంగతైతే చెప్పక్కర్లేదు.

అరిగితే మార్చాలి. ఇంతవరకు అందరికీ తెలుసు. చిక్కంతా షాపు కౌంటర్ దగ్గరే మొదలవుతుంది. 'డిజైర్ ఫ్రంట్ ప్యాడ్స్ ఇవ్వన్నా' అని అడుగుతారు. షాపతను ఓ డబ్బా తీసి ఇస్తాడు. షెడ్డుకు తెచ్చి, చక్రం విప్పాక గానీ తెలియదు.. అది కూర్చోవట్లేదని. 'కొంచెం గ్రైండ్ చేస్తే పడుతుందన్నా' అంటాడు మెకానిక్. కారు జాకీ మీద ఉంది, సాయంత్రం డ్యూటీ ఉంది. ఓనర్ సరేనంటాడు.

అక్కడ సరే అనకూడదు. ప్యాడ్ కాలిపర్ లోపల స్వేచ్ఛగా ముందుకీ వెనక్కీ జరగాలి. బలవంతంగా ఇరికిస్తే పెడల్ వదిలినా అది డిస్క్‌ను రాసుకుంటూనే ఉంటుంది. ఒకపక్కే అరుగుతుంది, వేడెక్కుతుంది, బండి ఓ పక్కకు లాగుతుంది. ఎక్కువ గ్రైండ్ చేస్తే వదులైపోయి కొట్టుకుంటుంది. రెండిట్లో ఏదైనా తప్పే.

పేరు ఒకటే.. లోపల వేరు

మారుతీ డిజైర్‌నే తీసుకోండి. 2008లో మార్కెట్‌లోకి వచ్చింది. తర్వాత 2012లో, 2017లో, 2024లో కొత్త తరం కార్లు వచ్చాయి. పేరు మాత్రం డిజైరే. 'అయితే ఏ సంవత్సరం కారో చెప్తే సరిపోతుందిగా' అనుకోవచ్చు. అదీ చాలదు. 2017లో కొత్త డిజైర్ వచ్చాక కూడా పాత తరం కారును 'డిజైర్ టూర్' పేరుతో ట్యాక్సీల కోసం అమ్మారు. అంటే ఒకే ఏడాది షోరూమ్ నుంచి బయటకొచ్చిన రెండు డిజైర్లు రెండు వేర్వేరు తరాలవి కావచ్చు. సెకండ్ హ్యాండ్‌లో క్యాబ్ కొన్నవాళ్లు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే.

ఇంకో మెలిక ఏబీఎస్. 2019 ఏప్రిల్ నుంచి దేశంలో అమ్మే కొత్త కార్లన్నిటికీ ఇది తప్పనిసరైంది. అంతకుముందు చాలా మోడళ్ల బేసిక్ వేరియంట్లలో ఏబీఎస్ ఉండేది కాదు. కొన్ని కార్లలో వెనక డ్రమ్, హబ్ బేరింగ్ భాగాలు ఏబీఎస్ ఉన్న బండికి ఒకలా, లేని బండికి ఒకలా ఉంటాయి. తప్పు భాగం బిగిస్తే బండి కదులుతుంది, బ్రేక్ కూడా పడుతుంది. డ్యాష్‌బోర్డ్ మీద ఏబీఎస్ లైటు మాత్రం ఆరదు. ఆ లైటు వెలుగుతున్నంతసేపు సడన్ బ్రేక్ వేసినప్పుడు ఏబీఎస్ ఆదుకుంటుందన్న నమ్మకం లేదు.

మరి దారేంటి? ఆర్సీలో ఉన్న 17 అక్షరాల ఛాసిస్ నెంబర్. కంపెనీ ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్ స్పేర్స్ కౌంటర్‌లో ఆ నెంబర్ కొడితే, మీ బండికి సరిపోయే పార్ట్ నెంబర్ వస్తుంది. అది రాసుకోండి. కొనేది అక్కడే కొనాలని రూలేమీ లేదు. వేరే బ్రాండ్ ప్యాడ్ తీసుకున్నా, ఆ బ్రాండ్ క్యాటలాగ్‌లో మీ పార్ట్ నెంబర్‌కు సరిపోయేది ఏదో షాపతను చూసి చెప్పగలడు.

దీనికంటే సులువైన పని ఇంకోటుంది. పాత ప్యాడ్ వెంట తీసుకెళ్లండి. కొత్తదాన్ని పాతదాని మీద పెట్టి చూడండి. వెనక ఇనుప ప్లేటు ఆకారం, రెండు చివర్ల చెవులు, అరుగుదల తెలిపే చిన్న రేకు ఏ వైపు ఉంది.. ఇవన్నీ కలవాలి. మందం మాత్రం కలవదు, కలవకూడదు కూడా. కొత్త ప్యాడ్‌లో రాపిడి పదార్థం సాధారణంగా 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది. 3 మిల్లీమీటర్లకు వస్తే మార్చే టైమ్ అయినట్టే.

ముందు డిస్క్, వెనక డ్రమ్

మన రోడ్ల మీద చిన్న కార్లలో ఎక్కువ వాటికి ముందు డిస్క్, వెనక డ్రమ్ ఉంటాయి. ముందుకు ప్యాడ్లు, వెనకకు షూలు.. అదే మన షెడ్లలో లైనర్లు అంటారే, అవి. ప్యాడ్లు రెండు ముందు చక్రాలకూ కలిపి 4 ఉన్న సెట్‌గా కొనాలి. డబ్బులు మిగులుతాయని ఒక పక్కే మారిస్తే బ్రేక్ వేసినప్పుడు స్టీరింగ్ ఒకవైపు లాగేస్తుంది. షూలకు డ్రమ్ లోపలి వ్యాసం ముఖ్యం. 180, 200 మిల్లీమీటర్లు.. ఇలా సైజులు మారతాయి. చూడ్డానికి ఒకేలా ఉంటాయి కాబట్టి ఇక్కడా పాతది చేతిలో ఉండాల్సిందే.

డిస్క్ సంగతి చాలామంది పట్టించుకోరు. డిస్క్ మీద కనీస మందం ఎంత ఉండాలో ముద్రించి ఉంటుంది. అంతకంటే పలచబడితే ఎంత మంచి ప్యాడ్ వేసినా దండగే. డ్రమ్ మీద దీనికి రివర్స్.. గరిష్ఠ వ్యాసం ఉంటుంది. లేత్ మీద టర్నింగ్ చేయిద్దామని మెకానిక్ అంటే, ముందు ఆ అంకె చూసి కొలవమనండి.

డబ్బా ఒరిజినల్.. లోపలి సరుకు?

పెద్ద మార్కెట్ కావాలనుకుంటే బోరబండలో సికింద్రాబాద్ వైపు వెళ్లే ఎంఎంటీఎస్ ఎక్కి జేమ్స్ స్ట్రీట్‌లో దిగితే రాణిగంజ్ దగ్గరే. అటు గౌలిగూడ, పుత్లీబౌలి వైపు కూడా స్పేర్ పార్ట్స్ షాపులున్నాయి. దొరకనిది ఉండదు. అందుకే జాగ్రత్త కూడా అక్కడే కావాలి.

కార్ కంపెనీ డబ్బాలో వచ్చేది ఒక రకం. టీవీఎస్ గర్లింగ్, రానే, బాష్ లాంటి పేరున్న బ్రాండ్లవి మరో రకం. వీటిని సొంత డబ్బాలో కొంటే తప్పేం లేదు, బండికి సరిపోయే నెంబర్ అయితే చాలు. సమస్యల్లా మూడో రకంతోనే.. పేరున్న బ్రాండ్ డబ్బాలో ఊరూపేరూ లేని సరుకు. వాడేసిన ఒరిజినల్ డబ్బాలను మళ్లీ నింపి అమ్మడం పాత ట్రిక్కే. కాబట్టి డబ్బా మీద నెంబర్, లోపల ప్యాడ్ వెనక ప్లేటు మీద నెంబర్ రెండూ ఒకటేనా చూడండి. ప్రింట్ అలికినట్టు ఉన్నా, స్పెల్లింగ్ తప్పున్నా వద్దనండి. తయారీదారు పేరు, అడ్రస్, నెల-సంవత్సరం, ఎంఆర్‌పీ డబ్బా మీద ఉండాలి. ప్యాడ్ బిగించాక ఆ ఖాళీ డబ్బా చింపి పారేయండి, అలాగే వదిలేయకండి.

మెకానిక్కే తెస్తానంటే తేనివ్వండి. అతనికి షాపులో పది రూపాయలు మిగిలితే అది తప్పుపట్టే విషయం కాదు. బిగించే ముందు డబ్బా, ప్యాడ్ నెంబర్ ఫొటోలు వాట్సాప్‌లో పంపమనండి, పాతవి తిరిగి ఇమ్మనండి. చెప్పాల్సింది ఈ రెండే.

'బిల్లు లేకుండా అయితే తగ్గిస్తా' అంటే మాత్రం ఆలోచించండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆటో పార్ట్స్ మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. బిల్లు మీద పార్ట్ నెంబర్ రాయించుకుంటేనే రేపు సరుకు నకిలీ అని తేలినా, సరిపోకపోయినా అడిగే హక్కు గట్టిగా ఉంటుంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా ముందు అడిగేది బిల్లే. నకిలీ ట్రేడ్‌మార్క్‌తో సరుకు అమ్మితే ట్రేడ్ మార్క్స్ చట్టం కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంటుంది.

ఇక మిగిలింది బ్రేక్ ఆయిల్. మూత మీద డాట్ 3 అనో, డాట్ 4 అనో ఉంటుంది, అదే కొనండి. సీల్ తీయని చిన్న బాటిలే తీసుకోండి. ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల వరకు మరగదు, తేమ పట్టాక అది 140 డిగ్రీల దగ్గరే మరిగే పరిస్థితి రావచ్చు. అప్పుడు పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. షెడ్డులో నెలల తరబడి మూత తీసి ఉన్న డబ్బాలోంచి పోయనివ్వొద్దు.

పని అయ్యాక బండి స్టార్ట్ చేసి, కదిలించకముందే పెడల్ నాలుగైదు సార్లు తొక్కి గట్టిపడిందో లేదో చూసుకోండి. కొత్త ప్యాడ్లు వేసినప్పుడు పిస్టన్ వెనక్కి నెడతారు కాబట్టి మొదటి తొక్కుకు పెడల్ నేల దాకా పోవచ్చు. షెడ్డు ముందు రోడ్డు పల్లంగా ఉంటే ఆ మొదటి తొక్కు రోడ్డు మీద పడకూడదు. తర్వాత 200-300 కిలోమీటర్లు, అవసరమైతే తప్ప సడన్ బ్రేక్ వేయకుండా నడపండి.