సిరక్యూస్‌లో నాలుగు రోజులు

సెలవులకు సముద్రతీరానికి వెళ్ళడమంటే మనవారికి తెలిసిన పద్ధతి వొకటున్నది. తెల్లవారుజామున సముద్రస్నానం, మధ్యాహ్నం సత్రంలో కునుకు, సాయంకాలం ఇసుకలో కూర్చుని మరమరాల పొట్లం. సిసిలీ ద్వీపంలోని సిరక్యూస్ పట్టణంలో ఇవన్నీ చేయవచ్చును, మరమరాలు తప్ప. కాని ఆ వూరికి సుమారు 2,750 ఏళ్ళ వయస్సు. క్రీస్తుపూర్వం 734 ప్రాంతంలో గ్రీసు దేశపు కోరింతు నగరంవారు ఓడలలో వచ్చి కట్టుకున్న వలస అది. అక్కడ కేవలం స్నానం చేసి తిరిగి రావడం కాశీకి వెళ్ళి గంగ చూసి వచ్చేయడంలాంటిది.

మా బావమరిది మిలాన్‌లో వుద్యోగం చేస్తున్నాడు. "బావగారూ, రోమూ వెనిసూ అందరూ చూసేవే. మీరు తెలుగు మేష్టారు గనుక మీకు నాటకం చూపిస్తాను, రండి" అని పిలిచాడు. 2019 మే నెలాఖరున నేనూ, మా ఆవిడా, ఇంటరు పూర్తిచేసిన మా అబ్బాయీ, తొమ్మిది పూర్తిచేసిన అమ్మాయీ బయలుదేరాం. కటానియా విమానాశ్రయంలో దిగితే అక్కడినుంచి బస్సులో గంట పైచిలుకు ప్రయాణం.

పాత వూరంతా ఒర్టీజియా అనే చిన్న లంక. వంతెన దాటితే చాలు, ఈ చివరినుంచి ఆ చివరికి కబుర్లు చెప్పుకుంటూ నడిచిపోవచ్చును. బస అక్కడే చూసుకోవడం మంచిది.

వంతెన దాటగానే అపోలో దేవాలయపు శిథిలాలు. క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దానివి. దాని పక్కనే పొద్దుటిపూట బజారు. చేపలవాళ్ళ కేకలు మన మార్కెట్టుకు ఏమాత్రం తీసిపోవు. మా ఆవిడ అపోలోను వొక చూపు చూసి వంకాయల దగ్గర ఆగిపోయింది. బుర్రంత లావున వున్నాయి. "కాల్చి పచ్చడి చేయడానికి తప్ప గుత్తికాయకు పనికిరావు" అని తేల్చింది. శాకాహారులకు అక్కడ భయం లేదు. కపొనాటా అని వంకాయ ముక్కలు వేయించి, టొమాటో, వినిగరు, కాస్త పంచదార వేసి చేస్తారు. పుల్లగా తియ్యగా మన బెల్లం పులుసుకు దూరపు చుట్టంలాగా వుంటుంది. పొద్దున్న పలహారానికి బాదం గ్రనీటా: బాదంపాలను మంచు చేసి గీరినట్లు వుంటుంది, దానిలో మెత్తని రొట్టె ముంచుకు తింటారు. పొద్దున్నే ఐసు తింటారా అని ఆశ్చర్యపోయిన మా పిల్లలు రెండోరోజునుంచి ఇడ్లీ మాట ఎత్తలేదు.

ఆ వూళ్ళో నేను ఎక్కువసేపు నిలబడిపోయినది ప్రధాన చర్చి దగ్గర. ముందునుంచి చూస్తే 1693 భూకంపం తరువాత పద్దెనిమిదో శతాబ్దంలో కట్టిన ముఖభాగం, నగిషీలతో పెళ్ళిపందిరిలా వుంటుంది. పక్కసందులోకి తిరగండి. గోడలోంచి లావుపాటి గ్రీకు స్తంభాలు పొడుచుకువచ్చి కనబడతాయి. అవి క్రీస్తుపూర్వం అయిదో శతాబ్దంలో ఎథీనా దేవికి కట్టిన గుడి స్తంభాలు. ఏడో శతాబ్దంలో ఆ గుడిని పడగొట్టకుండానే స్తంభాల మధ్య గోడలు కట్టి చర్చిగా మార్చారు. భక్తులు మారారు, భాష మారింది, ఏలినవారు ఎందరో మారారు. మొక్కులు మాత్రం ఆ స్తంభాల మధ్యనే జరుగుతున్నాయి.

అక్కడికి నాలుగడుగుల దూరంలో సముద్రపు వొడ్డునే అరెతూసా అనే మంచినీటి వూట. గోడకు అవతల సముద్రం, ఇవతల వూట, మధ్యలో బాతులు. అరెతూసా అనే వనకన్యను ఆల్ఫియస్ నది ప్రేమించి తరిమితే, ఆర్టెమిస్ దేవత ఆమెను నీటివూటగా మార్చి ఇక్కడికి చేర్చిందట. ఆ నది సముద్రం అడుగున గ్రీసునుంచి పారివచ్చి ఆమెను కలుసుకున్నదట. ఆ నీళ్ళలో పెపైరస్ మొక్కలు గుబురుగా పెరుగుతున్నాయి. దాని కాడలోని బెండును పలుచటి పట్టీలుగా కోసి, అడ్డంగా నిలువుగా పరచి, నొక్కి ఆరబెడితే పూర్వులు రాసుకున్న కాగితం. "మన తాటాకులాగానా, నాన్నా?" అని అడిగింది అమ్మాయి. తాటాకుమీద గంటంతో గీస్తాం, దీనిమీద కలంతో సిరా పూస్తారు, అంతే తేడా.

ఇక స్నానాలు. ఒర్టీజియాలో ఇసుక తక్కువ, రాళ్ళూ చెక్కల అరుగులూ ఎక్కువ. అబ్బాయి, మామయ్య వెళ్ళి ఈదివచ్చారు. ఇసుకే కావాలనుకుంటే బస్సెక్కి ఫొంతానె బియాంకె వెళ్ళాలి. మధ్యాహ్నం చాలా దుకాణాలు మూసేస్తారు గనుక ఆ వేళకు మనమూ నిద్రపోవడమే ధర్మం. ఆర్కిమిడీస్ ఈ వూరివాడే. క్రీస్తుపూర్వం 212లో రోమనులు వూరు పట్టుకున్నప్పుడు వొక సైనికుడి చేతిలో చనిపోయాడు. ఆయన సమాధి అని వొక గుహను చూపిస్తారు; అది నిజానికి తరువాతి రోమను కాలపుది. సిసిరో క్రీస్తుపూర్వం 75లో ముళ్ళపొదల్లో వెదికి కనిపెట్టిన అసలు సమాధి మళ్ళీ మాయమైంది.

మూడోరోజు రాతిగనులకు వెళ్ళాం. వూరు కట్టిన రాయి తవ్వగా ఏర్పడిన పెద్ద గోతులివి. ఇప్పుడు నిమ్మ, నారింజ చెట్లతో చల్లగా వున్నాయి. క్రీస్తుపూర్వం 415లో ఏథెన్సువారు ఈ వూరిమీదికి దండెత్తి, 413లో సర్వనాశనమయ్యారు. ఏడువేలమందికి తక్కువకాకుండా బందీలను గనుల్లో పడవేశారని థుసిడిడీస్ రాశాడు. పైన ఎండ, రాత్రి చలి, పక్కన శవాలు; రోజుకు మనిషికి పావులీటరు నీళ్ళు, దానికి రెట్టింపు గింజలు. కొందరు ఎనిమిది నెలలు ఆ గోతుల్లోనే గడిపారు.

ఇక ప్లూటార్కు, అయిదువందల ఏళ్ళ తరువాతివాడు, వొక కథ చెప్పాడు. సిసిలీ జనానికి యూరిపిడీస్ కవిత్వమంటే ప్రాణం. బందీలుగా, దాసులుగా చిక్కినవారిలో ఆయన రచనలు కంఠస్థంగా వచ్చినవారు యజమానులకు నేర్పి విడుదల పొందారట. తప్పించుకు తిరుగుతున్నవారు పాట పాడి అన్నం, నీళ్ళు సంపాదించుకున్నారట. ఇల్లు చేరాక కవి దగ్గరకు వెళ్ళి కృతజ్ఞత చెప్పుకున్నారట.

"పద్యం బట్టీ పట్టడం ఎందుకు సార్, పరీక్షలో రాదుగా" అని ఏటా నా తరగతిలో ఎవరో వొకరు అడుగుతారు. ఇంటరులో మార్కులకోసం సంస్కృతం తీసుకునే పిల్లలే ఎక్కువ. మా అబ్బాయీ అంతే. ఆ గనుల్లోనే డయొనీసియస్ చెవి అనే గుహ వున్నది, 23 మీటర్ల ఎత్తు, 65 మీటర్ల లోతు. గుసగుసలాడినా గోడలు అందుకుంటాయి. మామయ్య పందెం వేస్తే మా అబ్బాయి రెండో తరగతిలో నేర్చుకున్న సుమతీశతకపద్యం ఎత్తుకున్నాడు. మూడు పాదాలు వచ్చాయి. నాలుగోది వాళ్ళమ్మ అందించింది. గుహంతా తెలుగు తిరిగింది. పక్కనున్న తెల్లవాళ్ళు చప్పట్లు కొట్టారు గాని, వాడు మాత్రం నాలుగో పాదం మళ్ళీ చెప్పించుకున్నాడు.

ఆ సాయంకాలమే నాటకం. కొండరాతిలో తొలిచిన గ్రీకు రంగశాల ఆ గనుల పక్కనే. 1914లో ఈస్కిలస్ నాటకంతో ఇక్కడ ప్రాచీననాటక ప్రదర్శనలు మళ్ళీ మొదలైనవి. మేము చూసినది యూరిపిడీస్ రాసిన ట్రాయ్ స్త్రీలు. ఓడిపోయిన నగరపు ఆడవాళ్ళను విజేతలు పంచుకునే కథ. క్రీస్తుపూర్వం 415లో, అంటే ఏథెన్సు ఓడలు ఈ వూరిమీదికి బయలుదేరిన ఏడే, ఆ నాటకం ఏథెన్సులో ఆడారు. తమను ఏ దేశానికి తోలుకుపోతారోనని స్త్రీలు తలపోస్తూ ఎట్నా పర్వతమున్న సిసిలీని కూడా తలుస్తారు. రంగంమీద 2018 తుఫానుకు ఉత్తర ఇటలీ అడవుల్లో కూలిన చెట్లమానులు నిలబెట్టారు. ఆడినది ఇటాలియనులో. బావమరిది చెవిలో చెప్పిన ముక్కలు తప్ప నాకు భాష తెలియదు. అయినా పసివాడి శవాన్ని డాలుమీద తెచ్చినప్పుడు మా ఆవిడ కొంగు కళ్ళకద్దుకున్నది. అప్పటికి పొద్దు గుంకి, మానులు నల్లబడ్డాయి.

మే, జూన్ నెలల్లో వెళ్ళేవారు నాటకం టిక్కెట్లు ముందే కొనుక్కోవాలి. కూర్చోవడానికి చిన్న దిండు, కప్పుకోవడానికి శాలువ తీసుకువెళ్ళండి. ఆట వదిలాక జనం తొక్కిడిగా వుంటుంది. మేము ఒర్టీజియాదాకా నడిచేశాం, అర్ధగంట పైన పట్టింది. దారిలో అబ్బాయి, ఆ ఖైదీలకు ఎన్ని పద్యాలు వచ్చి వుంటాయంటావు నాన్నా, అని అడిగాడు. నేను జవాబు వెదుక్కునేలోగా గ్రనీటా దుకాణం ఇంకా తెరిచి వుండడం అమ్మాయి చూసింది.