నల్లి... పురుగు కాదు!

ఎండలు ముదిరాయంటే సికింద్రాబాద్ డాబాల మీద కుండీలకు కష్టాలు మొదలవుతాయి. నిన్నటిదాకా కళకళలాడిన గులాబీ, వంగ, బెండ ఆకుల మీద తెల్లటి చుక్కలు పడతాయి. ఆకులు పాలిపోయి రాలిపోతాయి. ఆకు తిప్పి చూస్తే సన్నటి గూడు... అందులో కదిలే నలకలు. అదే ఎర్రనల్లి!

అనుమానంగా ఉంటే ఆకును తెల్లకాగితం మీద దులపండి. చుక్కలు నడుస్తుంటే నల్లి పట్టినట్టే. మిరపకు వచ్చేది మాత్రం కంటికి ఆనని తెల్లనల్లి. ఆకులు కిందికి ముడుచుకుంటే నల్లి పని, పైకి ముడుచుకుంటే తామరపురుగుల పని.

మందు కొడితే పెరుగుతుంది

వెంటనే పురుగుమందు తెచ్చి కొట్టేస్తాం. చిక్కంతా అక్కడే! ఎనిమిది కాళ్ల నల్లి సాలీడుకు చుట్టం, పురుగుల జాతి కాదు. పురుగుమందుల్లో చాలావాటికి అది లొంగదు. చచ్చేది దాన్ని తినే అక్షింతల పురుగులూ, మిత్రనల్లులూ. కాపలా పోయాక నల్లిదే రాజ్యం. పైగా ఆ వంకాయలు తినేది మన పిల్లలే కదా!

పురుగుమందుల్లేని సేద్యం కోసం తార్నాకలోని సుస్థిర వ్యవసాయ కేంద్రం 2004 నుంచి రైతులతో కలిసి పనిచేస్తోంది. ఇప్పటి జనగామ జిల్లాలోని ఏనబావి 2006లోనే రసాయనాల్లేని ఊరుగా ప్రకటించుకుంది. ఊరంతా చేయగలిగింది నాలుగు కుండీలకు చేయలేమా?

ఇలా చేసి చూడండి

* బాగా పట్టిన ఆకులు తుంచి, కవర్లో మూటకట్టి పారేయండి. ఎరువు కుండీలో వేయొద్దు.

* వరసగా మూడు రోజులు ఉదయంపూట ఆకుల అడుగున పైపుతో గట్టిగా నీళ్లు కొట్టండి. నల్లికి దుమ్మూ, పొడి వేడీ ఇష్టం. తడి గిట్టదు.

* లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. ముందు రెండాకుల మీద కొట్టి, ఒకరోజు ఆగి చూడండి.

* ఎండాకాలంలో నల్లి గుడ్డు పెద్ద నల్లి కావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే వారానికోసారి, రెండు మూడుసార్లు కొట్టాలి.

* గంధకం కూడా పనిచేస్తుంది. కానీ మండుటెండలో గానీ, వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు గానీ వాడితే ఆకులు మాడిపోతాయి.

జూన్, జులైలో వేపచెట్ల కింద రాలిన పండ్లు ఏరి, గింజలు నీడలో ఆరబెట్టుకోండి. 50 గ్రాముల గింజల పప్పు దంచి, లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి వడకడితే కషాయం సిద్ధం. వచ్చే వేసవికి పైసా ఖర్చులేని మందు!